నాకు వచ్చి అక్కకు రానిది

మా అక్క పోయింది. ఆసుపత్రిలో ఉన్న అక్కకు కాస్త జావ పెట్టవచ్చని చెప్పారని, ఆ ఉదయం నల్లగండ్లలో మా ఇంట్లో స్టవ్ ముందు నిలబడి కలుపుతున్నాను. అక్క దగ్గరున్న అమ్మ ఫోన్ చేసి నన్ను పేరు పెట్టి పిలిచింది. నేను స్టవ్ కట్టేశాను.

అక్క రక్తంలో ఒక ప్రోటీన్ లేదు. తిన్న కొవ్వును ఒంటికి పట్టించడంలో దానికి పని ఉంటుందట. అది లేక కొవ్వంతా రక్తంలోనే పేరుకుపోయి క్లోమం వాచిపోయేది. అమ్మానాన్నలది మేనరికం. ఇద్దరిలోనూ చప్పుడు లేకుండా దాగి ఉన్న లోపం అక్కకు చేరింది, నన్ను వదిలేసింది. ఎందుకలా అని అడిగితే, అది ఎవరి చేతిలోనూ లేదన్నారు డాక్టరు. ఆ మాట నా మనసుకు ఎక్కలేదు.

కూకట్‌పల్లిలో మా చిన్నతనమంతా అక్క కడుపునొప్పితోనే గడిచింది. దొంగచాటుగా చిరుతిళ్లు తింటుందని చుట్టాలు అనేవారు. అక్క ఉద్యోగంలో చేరాకగానీ అసలు సంగతి తేలలేదు. నెత్తురు తీసిన ల్యాబ్ ఆవిడ ట్యూబు చూసి తెల్లబోయింది.

“ఏందమ్మా, గిట్ల పాల లెక్కున్నది?”

“ఆవుపాలేలెండి. గేదెపాలు నాకు పడవు” అంది అక్క, నొప్పితో వంగిపోయి కూడా.

మా ఇద్దరి ఆఫీసులూ హైటెక్ సిటీలో దగ్గర దగ్గరే కావడంతో మధ్యాహ్నం కలిసి తినేవాళ్లం. ఆమె డబ్బాలో ఉడకబెట్టిన బీరకాయ, అన్నం. నేను బిర్యానీ తింటుంటే రుచి ఎలా ఉందో చెప్పమనేది. బాగా లేదని అబద్ధమాడితే ఇట్టే పట్టేసేది. “నా వంతు కూడా నువ్వే తినాలి కదే, సరిగ్గా తిను” అనేది. అది వేళాకోళమే. నేను మాత్రం డబ్బా మూత పెట్టేసేదాన్ని.

నేనూ మేనబావనే చేసుకున్నాను. కిందటేడు మా పాప కడుపునొప్పని ఏడిస్తే మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అక్క సెలవు పెట్టి మాతో హఫీజ్‌పేట్‌లో ఆసుపత్రి దాకా వచ్చింది. పరీక్షలన్నీ చూసి, పాపకు ఆ జబ్బు లేదన్నారు డాక్టరు. పాపను గుండెకు హత్తుకుని పైకే ఏడ్చాను. మరుక్షణం పక్కన ఎవరు నిలబడ్డారో గుర్తొచ్చి, సంతోషాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక తలదించుకున్నాను.

అక్క నా గడ్డం పట్టి పైకెత్తింది.

“నా ముందు సంతోషపడటానికి భయమేంటే? నన్ను వేరు చెయ్యకు. మిగతావన్నీ ఓర్చుకుంటాను.”

ఆ తర్వాత ఆమె ఎక్కువ రోజులు బతకలేదు. ఇప్పుడు అద్దంలో నా ఆరోగ్యమైన ముఖం చూసుకుంటే, అడగకుండా ఇద్దరి వాటా తీసేసుకున్నదానిలా అనిపిస్తుంది.

ఆ రోజు పాపతో ఆసుపత్రి నుంచి బయటికొచ్చాక స్టేషన్ దగ్గర బండి మీద పునుగులు కొంది అక్క. ఒక్కొక్కటే విరిచి, ఆవిరి పోయేదాకా ఊది, పాప నోట్లో పెట్టింది. గాలికి పాప జుట్టు కళ్ల మీద పడింది. వేళ్లకు నూనె ఉందని, మణికట్టుతో మెల్లగా దాన్ని పక్కకు తోసి, ఇంకో పునుగు విరిచింది.