నా చేతిలోంచి లాక్కున్న ఆట

కాలు విరిగిన రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సాయంత్రం బడి నుంచి స్కూటీ మీద దమ్మపేటకు వస్తున్నాను. ముందు పోతున్న ట్రాక్టర్‌లోంచి ఒక పామాయిల్ గెల జారి రోడ్డు మీద పడింది. దాన్ని తప్పించబోయి నేను పడ్డాను. ఖమ్మంలో ఆపరేషన్ చేసి, చీలమండకు ప్లేటు వేసి, ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు. నేను హైస్కూల్లో బయాలజీ టీచర్ని. పొద్దున ఆరింటికి లేస్తే రాత్రి పడుకునే దాకా నిలబడే ఉండే మనిషిని. ఆరు వారాలు మంచం మీద ఏం చేయాలో నాకు నిజంగా తెలియలేదు.

మొదటి వారం చూడటానికి వచ్చినవాళ్లందరికీ గెల కథ చెప్పి చెప్పి విసిగిపోయాను. రెండో వారం ఎవరూ రాలేదు. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయి ఆ ఆదివారం ఇంటికి వచ్చి, నా వాలకం చూసి, ముందు గదిలో దుమ్ము పట్టిన తన పాత కంప్యూటర్‌ను నా మంచం పక్కకు జరిపింది. అందులో ఒక ఆట ఎక్కించింది.

"నువ్వు డిగ్రీల గేమ్స్ మస్తు ఆడేదాన్ని అన్నవ్ కదమ్మా. గిది చూడు. నాతోని కాలే, పది నిమిషాలకే బంద్ పెట్టిన," అంది.

కీబోర్డు మీద ఆట కోసం చేయి పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఎందుకు దాటిందో తర్వాత చెబుతాను.

ఆట వందల ఏళ్ల కిందటి ఏదో చలిదేశంలో జరుగుతుంది. రాళ్ల కోటలు, బురద దారులు, గుర్రాలు. మనం ఆడించే మనిషి రాజు కాదు, వీరుడూ కాదు. ఒక రేవులో పడవ నడిపేవాడి కొడుకు. దండు వచ్చి రేవును తగలబెడితే ప్రాణం దక్కించుకుని నగరానికి బయలుదేరతాడు. కత్తి పట్టడం రాదు. అక్షరం ముక్క రాదు. ఆకలేస్తే నీరసపడతాడు, స్నానం చేయకపోతే జనం మొహం తిప్పుకుంటారు. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, మనం ఆడినంత వరకు దాచుకోవాలంటే వాడు ఎక్కడో ఒక మంచం సంపాదించి నిద్రపోవాలి. అప్పటి దాకా ఏం జరిగినా, చచ్చినా, మా ఊళ్లో కరెంటు పోయినా, అంతా వెనక్కి, కిందటిసారి నిద్రపోయిన దగ్గరికే. కరెంటు రోజూ పోయేది. పోయినప్పుడల్లా నేను నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. లైన్ రిపేరు పట్టపగలే ఎందుకు చేస్తారో ఇప్పటికీ అర్థం కాదు.

నగరం చేరకముందు ఒక వంతెన ఉంది. దాని మీద ఒక దారిదోపిడీ దొంగ. వాడు నన్ను మొదటి రోజు పదకొండు సార్లు చంపాడు. కత్తి ఊరికే ఊపితే ఆయాసం వచ్చి చేయి లేవదు. ఎదుటివాడి భుజం ఎటు కదులుతుందో చూడాలి, ఆగాలి, వాడు ఊపాక పక్కకు తప్పుకుని అప్పుడు కొట్టాలి. నాలుగో రోజుకు అది నా వేళ్లకు వచ్చింది. వాడు పడిపోయినప్పుడు నేను అరిచిన అరుపుకు మా అత్తమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది, ఈసారి మంచం మీద నుంచి పడ్డాననుకుని.

అప్పటి నుంచి ఆమె కూడా చూడటం మొదలుపెట్టింది. అత్తమ్మది భద్రాచలం అవతల, అడవిని ఆనుకుని గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. చిన్నప్పుడు పడవల మీద తిరిగిన మనిషి. చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లో పెట్టుకుని, ఈనెలు తీస్తూ, తెర వంక చూసి తప్పులు పట్టేది.

"పడవ గెడ గట్ల పడ్తరా ఎవలన్న? నీళ్లల్ల పడతడు పిల్లగాడు. ఇంతకు వాడు పొద్దటి సంది ఏమన్న తిన్నడా, బిడ్డా?"

వాడికి రొట్టె కొనిపెట్టే దాకా ఊరుకునేది కాదు.

ఇంట్లో అభ్యంతరం లేని మనిషి ఆమె ఒక్కతే. మా ఆయన వ్యవసాయ శాఖలో ఉద్యోగి. సాయంత్రం ఇంటికి వచ్చి, కుర్చీలో వాలి, ఫోన్లో క్రికెట్ ముక్కలు చూస్తూ రెండు గంటలు కదలడు. దాన్ని అలసట తీర్చుకోవడం అంటారు. నేను గంట ఆడితే మాత్రం, "ఈ వయసుల ఏంది నీకు గీ పిచ్చి? ఎవరన్న వస్తే ఏమనుకుంటరు?" అనేవాడు. స్కూల్ నుంచి చూడటానికి వచ్చిన తోటి టీచర్ ఒకాయన తెర చూసి నవ్వి, "మేడం, మీరే గిట్ల ఆడితే పిల్లలకు ఏం చెప్తం?" అన్నాడు. ఆయన స్టాఫ్ రూమ్‌లో ఫోన్లో పేకాట ఆడతాడు. ఆ మాట మొహం మీదే అన్నాను. ఆయన టీ తాగకుండానే లేచిపోయాడు. మా ఆయన నన్ను కోప్పడ్డాడు, మర్యాద తెలియదా అని. నాలాగే నలభై మూడేళ్ల మగవాడు ఆడితే కాలక్షేపం, ఆడది ఆడితే పిచ్చి ఎందుకయిందో చెప్పమన్నాను. ఫోన్లో క్రికెట్ చప్పుడు పెంచాడు.

ఇప్పుడు పాత సంగతి. నేను డిగ్రీ రెండో ఏడు, తమ్ముడు ఇంటర్ చదివేటప్పుడు, ఇద్దరం ఖమ్మంలో కిరాయి గదిలో ఉండేవాళ్లం. అమ్మానాన్నలు కుసుమంచి దగ్గర ఊళ్లో వ్యవసాయం. బస్టాండు వెనక సందులో ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. తమ్ముడే నన్ను మొదట అక్కడికి తీసుకుపోయాడు. పది కంప్యూటర్లు ఒకదానికొకటి కలిపి, పదిమందీ కోటలు కట్టుకుని, సైన్యాలు పెంచుకుని ఒకరి మీద ఒకరు యుద్ధానికి పోయే ఆట. రెండు నెలల్లో ఆ సెంటర్లో నన్ను ఓడించేవాడు లేడు. గొప్ప కోసం చెప్పడం లేదు. జీవితంలో నాకు చాలా తేలిగ్గా వచ్చిన పని అదొక్కటే, అందుకని చెబుతున్నాను. కాలేజీ అయిపోయాక గంటసేపు ఆడి, చీకటి పడకముందే గదికి వచ్చి వండేదాన్ని. మార్కులు తగ్గలేదు.

ఒకరోజు ఆట మధ్యలో నా భుజం మీద చేయి పడింది. వెనక నాన్న. చేలోంచి అలాగే బస్సెక్కి వచ్చినట్టున్నాడు, చెప్పులకు మట్టి ఉంది. "లే" అన్నాడు. అంతే. అందరూ చూస్తుండగా రెక్క పట్టుకుని సందు చివరి దాకా నడిపించాడు. వారం తిరక్కుండా నన్ను హాస్టల్లో వేశారు. సాయంత్రం ఐదుకు గేటు మూసే హాస్టల్. తమ్ముడు అదే గదిలో ఉన్నాడు, అదే సెంటర్‌కు పోయాడు. మరుసటి ఏడాది నాన్న వాడికి కంప్యూటరే కొనిపెట్టాడు. "వాడు కంప్యూటర్ నేర్చుకుంటున్నడు" అని ఊళ్లో అందరికీ చెప్పుకున్నాడు. వాడు ఆడింది నేను ఆడిన ఆటే. వాడు ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. నా ఉద్యోగం మీద నాకు చిన్నచూపు లేదు. కానీ ఆ "లే" అన్న మాట మీద కోపం మాత్రం పోలేదు. నాన్న పోయి ఆరేళ్లయింది. ఆయనను అడగడానికి ఇక వీలు లేదు.

నాలుగో వారం తమ్ముడు నన్ను చూడటానికి వచ్చాడు. అప్పటికి నా పడవవాడి కొడుకు నగరంలో కుదురుకున్నాడు. రేవు దగ్గర కూలి పని దొరికింది. ఒక ముసలి సిపాయి కత్తి నేర్పుతున్నాడు, ఒక గుమస్తా అక్షరాలు నేర్పుతున్నాడు. సంతలో చేపలమ్మే ఒకామెకు పోయిన వల వెతికిపెడితే, కనపడినప్పుడల్లా పలకరించేది. దొంగతనం చేయకుండా, అబద్ధం ఆడకుండా అక్కడి దాకా తెచ్చాను. ఆ ఆటలో అది చాలా కష్టం. తప్పుదారిన పోతే సగం రోజుల్లో అయ్యే పని.

తమ్ముడు యాపిల్ పళ్ల సంచీ పెట్టి, తెర చూసి, కళ్లు పెద్దవి చేశాడు.

"అక్కా! గీ గేమ్ ఆడుతున్నవా? మా ఆఫీసోళ్లే వదిలేసిండ్రు దీన్ని."

నాకు సంతోషమనిపించింది. అది దాచుకోను. సంతలో ఒక తాగుబోతు సిపాయి నా మనిషిని తోస్తున్నాడు. అలాంటప్పుడు తల దించుకుని మాటలతో తప్పుకోవాలి. నేను మాట వెతుకుతున్నాను.

"అట్ల కాదు, ఆగు, నేను చూపిస్త," అని తమ్ముడు కీబోర్డు నా ఒళ్లోంచి లాక్కున్నాడు.

"వద్దు. ఇటియ్యి," అన్నాను.

"ఒక్క నిమిషం అక్కా."

కాలు కదపలేని మనిషిని. మంచం మీద నుంచి చేయి చాపాను, అందలేదు. వాడు కత్తి దూసి సిపాయి మీదికి ఉరికాడు. సిపాయి పక్కకు జరిగాడు. ఆ వేటు వెనక నిలబడ్డ రొట్టెల దుకాణం ముసలాయనకు తగిలింది. సంత మొత్తం కేకలు. ముసలాయన మళ్లీ లేవలేదు. మామూలుగా నిద్రపోతే తప్ప దాచుకోని ఆట, హత్య జరగగానే దానంతటది దాచేసుకుంది. వెనక్కి పోయి సరిదిద్దుకునే దారి లేకుండా.

"అయ్యో," అన్నాడు తమ్ముడు నవ్వుతూ. "పోనీ తియ్, ఆటనే కదా."

నాకు ఒళ్లు మండిపోయింది. రెండు వారాల నా కష్టం గురించే కాదు. ఆ నవ్వు చూస్తే ఖమ్మం సందు కళ్ల ముందుకు వచ్చింది.

"ఆటనే కదా అని ఆనాడు నాయనకు ఎందుకు చెప్పలేదురా నువ్వు? నన్ను రెక్క పట్టి ఈడ్చుకపోతుంటే పక్క కంప్యూటర్ ముందరనే ఉన్నవ్. ఒక్క మాట మాట్లాడినవా? నువ్వు తీస్కపోతేనే కదా నేను వచ్చింది?"

వాడి నవ్వు ఆగిపోయింది. కీబోర్డు నెమ్మదిగా మంచం మీద పెట్టాడు.

"గిప్పుడు అదెందుకు అక్కా."

"నాయనకు ఎవరు చెప్పిండ్రో ఇప్పటిదాంక తెల్వది నాకు. ఇంటి ఓనరమ్మ అనుకున్న. ఆమెతోని మళ్ల మాట్లాడలే."

వాడు నేల చూస్తూ అన్నాడు, "నేనే చెప్పిన. ఊరికి ఫోన్ చేసి."

"ఎందుకు?"

"నా దోస్తులంతా ఎక్కిరిస్తుండిరి. మీ అక్క చేతుల రోజూ ఓడిపోతున్నవ్ అని. నాయన నిన్ను ఒక్కసారి కోప్పడి ఊరుకుంటడనుకున్న. హాస్టల్ల ఏస్తడని నాకు తెల్వదు, ఒట్టు."

ఎవరో ఏదో అన్నారనో, అక్క భద్రత కోసమనో చెప్పి ఉంటే ఎలా ఉండేదో తెలియదు. వాడు నిజం చెప్పాడు. ఆ నిజం ఎంత చిన్నదో చూస్తే నాకు ఇంకా కోపం వచ్చింది. ఓడిపోతున్నాడట. అందుకని నా ఆట ఆపించాడు. ఇరవై ఏళ్ల పాటు ప్రతి రాఖీ పండక్కి నా ఎదురుగా కూర్చుని ఆ మాట కడుపులో పెట్టుకున్నాడు.

"ఇంటికి పో," అన్నాను.

అత్తమ్మ గడపలో నిలబడి అంతా విన్నది. "అన్నం తిని పోనియ్యి బిడ్డా, గంత దూరం నుంచి వచ్చిండు," అంది. వాడు వంటింట్లో తలెత్తకుండా తిని పోయాడు.

సాయంత్రం అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. "పాత ఫైల్ ఏదన్న దొరుకుతదేమో నెట్‌ల చూస్త. లేకపోతే మళ్ల కొత్తగ మొదలుపెట్టు," అంది. రెండూ వద్దన్నాను. ఒకరు చేసినదానికి నేను ఎందుకు మొదటి నుంచి మొదలుపెట్టాలి? మర్నాడు పొద్దున నా మనిషిని నడిపించుకుంటూ పోయి కోట వాకిలి దగ్గర కావలివాళ్లకు లొంగిపోయాను. వాణ్ని సంత నడుమ కొయ్యకు కట్టేశారు. నేర్చుకున్న కత్తి విద్యలో సగం పోయింది, బలం పోయింది. అరచేతి మీద వాత పెట్టారు. చేపలామె వచ్చి మొహాన ఉమ్మింది. నేను ఏడ్చాను. అత్తమ్మ చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి, "వాడు ఏం చేసిండని? చేసినోడు హైదరాబాద్‌ల సల్లగున్నడు," అంది. మా ఇంట్లో నా కోపం అర్థమైంది ఆమెకే.

శిక్ష అయ్యాక రేవులో పని ఇవ్వలేదు. నగరం బయట పేడ ఎత్తే పనితో మళ్లీ మొదలు. నాకు పట్టుదల పెరిగింది. ప్లేటు వేసిన కాలు కింద పెట్టే రోజుకు ముసలి సిపాయి మళ్లీ కత్తి నేర్పడానికి ఒప్పుకున్నాడు. బడికి చేతికర్రతో పోవడం మొదలుపెట్టాను. స్టాఫ్ రూమ్‌లో ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఏమంటానో వాళ్లకు తెలుసు.

పోయిన నెల తమ్ముడి దగ్గర నుంచి పార్సిల్ వచ్చింది. ఆట ఆడుకునే కంట్రోలర్, కొత్తది. చీటీ లేదు. "పాపం, పంపిండు కదా. ఫోన్ చెయ్యి. ఎన్ని రోజులు గిట్ల?" అన్నాడు మా ఆయన. ఎన్ని రోజులని నన్ను అడుగుతారు. ఇరవై ఏళ్లు ఎందుకు దాచావని వాణ్ని ఎవరూ అడగరు. కోపం తెచ్చుకున్నవాళ్లే త్వరగా చల్లబడాలని అందరికీ తొందర.

నేను ఫోన్ చేయలేదు. వారం తర్వాత వాడే చేశాడు.

"వచ్చిందా అక్కా?"

"వచ్చింది."

"ఆడినవా దానితోని?"

"లేదు. డబ్బా విప్పలే."

అవతల వాడి ఆఫీసు చప్పుడు వినిపిస్తోంది.

"ఇంకా కోపమేనా?"

"అవ్," అన్నాను. "తగ్గినప్పుడు నేనే చెప్త. అందాక అడగకు."

"సరే అక్కా," అన్నాడు. ఈసారి ఆటే కదా అనలేదు.