వలస వెళ్ళిన క్రేన్లు

ఇది ఒక మహాయాత్ర కథ. హిమాలయాలు దాటి ఎగిరొచ్చే పక్షుల కోసం ఎడారి అంచు దాకా సాగిన ప్రయాణం. సాగిన అంటే, సాగబోయే. ఇప్పటికి నేను వెళ్ళింది విశాఖలో ద్వారకా నగర్ నుంచి ఓడరేవు వెనక ఉప్పుటేరు దాకా. సిటీ బస్సులో. అదీ రిహార్సల్‌కి.

తప్పు నాదే కాబట్టి ముందే చెప్పేస్తాను. ద్వారకా నగర్‌లో ఒక షాపులో నేను డీటీపీ చేస్తాను. వన్‌టౌన్‌లో ఉండే మెహరున్నీసా గారు పక్షుల గైడు. చలికాలంలో రాజస్థాన్‌కి వలస వచ్చే క్రేన్ అనే కొంగజాతి పక్షుల్ని చూపించడానికి జనాన్ని తీసుకెళ్తారు. పోస్టరు ఇంగ్లీషులో రాసిచ్చి తెలుగులో వెయ్యమన్నారు. కొంగలు అని వేస్తే ఎవరొస్తారు, చేపల రేవులో కావలసినన్ని ఉన్నాయి కదా అనుకుని, ‘వలస వెళ్ళిన క్రేన్లను చూసొద్దాం, గైడు ఉంటారు’ అని కొట్టాను. ఇంకే ఊళ్ళోనైనా చెల్లేది. విశాఖలో క్రేను అంటే ఇనుముదే.

మొట్టమొదట పేరిచ్చింది మా అక్క మొగుడు సింహాద్రి బావ. పోర్టులో నాలుగో నంబరు క్రేనులో ఇరవై రెండేళ్ళు కూర్చున్న మనిషి. దాన్ని మూడేళ్ళ క్రితం ఊడదీసి, ఓడెక్కించి, పడమటి తీరంలో ఏదో రేవుకి పంపేశారు. అప్పటి నుంచి బావ గోడౌన్‌లో చీటీలు రాస్తున్నాడు. పోస్టరు చూడగానే సెలవు పెట్టి, నాలుగో నంబరుని చూడబోతున్నానని వీధంతా చెప్పుకున్నాడు. నిజం చెప్పడానికి నాకు వారం రోజులు చాల్లేదు.

ఆదివారం ఉదయం ఐదుంపావుకి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కాం. కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవడం నేర్పుతానని మెహరున్నీసా గారు ఉప్పుటేరు దగ్గరికి రమ్మన్నారు. బయట దట్టంగా మంచు. బస్సులో మేము కాక ఖాళీ చేపల తట్టతో ఒక ముసలమ్మ.

“ఇంత పొద్దున్నే ఎటెల్తన్నారు నాయనా?”

“క్రేన్లు సూడ్డానికమ్మా,” అన్నాడు బావ.

“అయ్యి ఎప్పుడూ అక్కడే ఉంటాయి గదేటి!”

“నాది ఎల్లిపోనాది.”

ముసలమ్మ తట్టని కాస్త దగ్గరికి లాక్కుంది. ఇదే సమయమనుకుని నేను నోరు తెరిచాను. “బావా, ఆ క్రేన్లు...”

“తెలుసురా. రంగు మార్సేసుంటారు. అయినా నాను గుర్తుపడతాను.”

నోరు మూసుకున్నాను.

ఐదూ నలభైకి దిగాం. ఏరు లేదు, మడచెట్లు లేవు, అంతా మంచే. దూరంగా పోర్టు క్రేన్లు కాళ్ళు లేకుండా, పైసగం మాత్రమే గాలిలో నిలబడి ఉన్నాయి. మా అడుగుల చప్పుడు మా వెనక నుంచి వస్తోంది. తిరిగి చూస్తే కుక్క. ధైర్యం వచ్చింది. కానీ కుక్క మమ్మల్ని చూడటం లేదు. మంచులోకి చూస్తూ, తోక ముడుచుకుని, వెనక్కి నడుస్తోంది.

రాయనుకుని కూర్చోబోయాను. “నా మీద కూర్చోకు బాబూ,” అంది మంచు. బురదరంగు దుస్తుల్లో, చిన్న స్టూలు మీద మెహరున్నీసా గారు.

ఆవిడ నా చేతికి బైనాక్యులర్ ఇచ్చి, ఫోనులో పక్షి బొమ్మ చూపించి, దాని కూత వినిపించారు. కర్రుమని, గొంతులో ఇనుము అరిగినట్టు.

“ఈ పిట్టేటమ్మా?” అన్నాడు బావ.

“ఇదే క్రేన్ అండీ. మనం వెళ్ళేది వీటి కోసమే కదా!”

బావ నా వైపు చూశాడు. నేను బైనాక్యులర్‌లోంచి అతనికి ఎదురుగా చూశాను. అప్పుడు అతని ముఖం ఇంకా పెద్దగా కనిపించింది. “మరి నాలుగో నంబరో?” అని మెల్లగా అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. రిహార్సల్ అప్పుడు సరిగ్గా మొదలైంది.

చాలాసేపటికి బావే అడిగాడు. “ఇవి ఎల్లిపోతే మళ్ళీ వొత్తాయేటి?”

“ఏటేటా వస్తాయి. అదే చోటికి.”

కూత ఇంకా వినిపిస్తోంది. “ఫోను ఆపెయ్యండి మేడమ్,” అన్నాను.

“ఎప్పుడో ఆపేశాను బాబూ. ఈ పక్షులు ఇటు రావు.”

మంచులోంచి కర్రుమని, ఆగి, మళ్ళీ కర్రు. కాస్త దగ్గరగా.

“కప్పీ,” అన్నాడు బావ. “గ్రీజు అయిపోతే నాలుగో నంబరు కప్పీ ఇలాగే ఏడుస్తాది.”

“పోర్టులో ఇంకేదో అయ్యుంటుంది బావా.”

“నా కప్పీ సప్పుడు నాకు తెల్దేట్రా!”

బావ లేచి, నీళ్ళ అంచుకి వెళ్ళి, చెయ్యెత్తి పిడికిలి బిగించాడు. కింద నిలబడ్డ మనిషి ఆ సైగ చేస్తే పైనున్న క్రేను ఆగిపోవాలి. పోర్టులో అదే పద్ధతి. ఆ మంచులో పది అడుగుల అవతలికి చెయ్యి కనిపించదు.

చప్పుడు ఆగిపోయింది.

కాకతాళీయం అని చెబుదామనుకున్నాను. కానీ బావ పిడికిలి దించే దాకా ఊపిరి కూడా జాగ్రత్తగానే తీశాను.

ఏడుంపావుకి బస్టాపు దగ్గర మెహరున్నీసా గారు అడిగారు. “మీ పేరు తీసెయ్యమంటారా సింహాద్రి గారూ?”

“ఉంచండమ్మా. ఎల్లినయ్యి తిరిగొత్తాయన్నారు గదా. అదెలాగుంటాదో ఓపాలి సూడాల.”

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నా వైపు చూడకుండానే అన్నాడు. “ముందే సెప్పుంటే నాను రాకపోదునురా.”

“అందుకే చెప్పలేదు.”

“అబద్దాలాడకు. బయపడ్డావు.”

నిజమే. ఇప్పటికీ కొంచెం భయం ఉంది. రిహార్సల్‌లో ఒక్క పక్షినీ చూడలేదు. బైనాక్యులర్‌లో కనిపించిన ఏకైక జీవి మా బావ. అయినా, ఏదో వచ్చి వెళ్ళిందన్న అనుమానం మాత్రం మంచుతో పాటు తొలగలేదు.

మీలో ఎవరైనా రాజస్థాన్‌కి మాతో వచ్చేట్టయితే ఒక సంగతి. స్లీపరు క్లాసులో దుప్పట్లు ఇవ్వరు, ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి.