ముఖం కనబడలేదు

డోరీన్ కెస్లర్ ఇరవై తొమ్మిదేళ్లు స్కూలు బస్సు నడిపింది. అమెరికాలోని కాన్సస్ చలికాలంలో తెల్లవారకముందే బయలుదేరే ఏడో నంబరు బస్సు. నెత్తి మీది పెద్ద అద్దంలోకి ఒక్కసారి చూసిందంటే చాలు, ఆ మసక వెలుతురులో, చెవుల దాకా టోపీలు లాక్కున్న నలభై ముఖాల్లో ఎవడు ఏడ్చాడో, ఎవడు పక్కవాడి డబ్బా కాజేశాడో చెప్పేసేది. "నడిరోడ్డు మీద దింపేస్తా" అన్నది ఆవిడ ఊతపదం. అన్నేళ్లలో ఒక్కణ్ణీ దింపలేదు, అది వేరే సంగతి.

రిటైరయ్యాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, కౌంటీలోని అనాథ కుక్కల షెల్టర్‌లో జీతం లేని పనికి కుదిరింది. కుక్కల ఫొటోలు తీసి షెల్టర్ పేజీలో పెట్టాలి. వాటిని చూసి ఎవరైనా వచ్చి పెంచుకుంటారు. రాకపోతే ఏమవుతుందో అక్కడ ఎవరూ పైకి అనరు.

ఆ సోమవారం లానీ అన్నాడు. షెల్టర్ మేనేజరు లానీ బెక్విత్ ఒకప్పుడు ఆవిడ బస్సులో రెండో సీటు పిల్లాడే. ఇప్పుడు నలభై దాటినా ఆవిడ ముందు నిలబడితే చేతులు కట్టుకుంటాడు.

"డోరీనమ్మా, పాస్టర్‌కి శుక్రవారం దాకానే గడువు. ఐదింటికి డాక్టరుగారు ఆ సూదితో వస్తారు. గదులన్నీ నిండిపోయాయి, నేనేం చెయ్యలేను. డెబ్భై రోజులైంది, ఒక్కళ్లూ అడగలేదు."

"ఎందుకు అడగలేదుట?"

"ఫొటోలో కుక్కేదో తెలిస్తే కదా? బొగ్గుల బస్తా పెట్టినట్టుంది."

"ఆ ఫొటో తీసింది నేనురా."

"తెలుసు. అందుకే మెల్లగా చెప్పా."

పాస్టర్ నల్లటి పెద్ద కుక్క. గొంతు కింద తెల్లటి పట్టీ ఒకటి ఉంది, చర్చి పాస్టర్ కాలరులాగా. అందుకే ఆ పేరు. మూతి నెరిసింది. ఎడమ చెవి కొస చీలి ఉంది. మొరగదు, ఎగరదు, ఎవరైనా వస్తే మర్యాదగా లేచి నిలబడుతుంది. ఇవేవీ ఫొటోలో పడలేదు. నల్ల కుక్కలతో వచ్చిన చిక్కే అది. ఫోను పట్టుకుని వేలితో జరుపుకుంటూ పోయేవాళ్లు నల్ల మచ్చ దగ్గర ఆగరు.

"ఫొటోలు బాగుచేసే యాప్ వేసుకో పెద్దమ్మా," అంది చెల్లెలి కూతురు కార్లీ. మంగలి షాపులో పని చేసే పిల్ల, ఫోను ఆరో వేలిలాగా ఎప్పుడూ చేతికే ఉంటుంది.

"ఏ యాప్?"

"ఏదో ఒకటి. బోలెడున్నాయి."

ఆ "ఏదో ఒకటి" డోరీన్ ప్రాణాలు తోడేసింది. మొదట, ఫోనులో చోటు లేదంది. సుడిగాలి వస్తే హెచ్చరించే యాప్ తీసేసింది. సుడిగాలి వస్తే కిటికీలోంచి కనబడదా ఏమిటి? చర్చి పాటల యాప్ తీసేసింది. అవి ఎలాగూ కంఠతా వచ్చు. అలా సంపాదించిన జాగాలో మొదటి యాప్ దిగింది. అది తెరవగానే నీ చర్మం జిడ్డుదా, పొడిదా అని అడిగింది. అరవై ఆరేళ్ల చర్మం గురించి దానికి ఎందుకో! చివరికి పాస్టర్ ఫొటో ఇస్తే నెత్తి మీద గులాబీ రంగు కుందేలు చెవులు పెట్టింది. ఆ చెవులు తీసే మీట ఎక్కడుందో పావుగంట వెతికి, యాప్‌నే తీసేసింది.

రెండోది పాస్టర్‌ని కత్తిరించి, అడక్కుండానే కొబ్బరిచెట్ల మధ్య ఇసకలో నిలబెట్టింది. ఒక కాలు వెనకే వదిలేసింది. మూడో యాప్‌కి వాడినవాళ్లు ఇచ్చిన చుక్కలు అన్ని, పొగడ్తలు అన్ని ఉన్నాయి కదా అని ఆశపడింది. మూడు ప్రకటనలు చూపించి, చెప్పుల కొట్టులోకి ఒకసారి తోసి, మళ్లీ వెనక్కొచ్చాక ఫొటో తీసుకుంది. చక్రం తిప్పింది, తిప్పింది. తర్వాత తెర మీద రెండు వాక్యాలు వచ్చాయి.

"ముఖం కనబడలేదు. దయచేసి ముఖం ఉన్న ఫొటో ఎంచుకోండి."

డోరీన్‌కి ఒళ్లు మండిపోయింది.

"ముఖం కనబడలేదా? నీ మొహం!" అని ఫోను మీద అరిచింది. షెల్టర్‌లో ఎదురు గదిలో ఉన్న పాస్టర్ తననే అన్నారేమో అనుకుని మర్యాదగా లేచి నిలబడింది.

మంగళవారం సాయంత్రానికి నాలుగో యాప్ దొరికింది. అందులో ఒకటే మీట, దాని మీద మంత్రదండం బొమ్మ. నొక్కింది. పాస్టర్ తళతళలాడింది. కళ్లల్లో దీపాలు వెలిగాయి. డోరీన్ చప్పట్లు కొట్టి, మారు ఆలోచించకుండా పాత ఫొటో స్థానంలో దాన్ని పేజీలో పెట్టేసింది. బుధవారం పొద్దున్నే ఫోన్లు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి పక్క ఊరి నుంచి ఒక మొగుడూ పెళ్లాం రానే వచ్చారు. కుక్కని చూశారు, ఫోను చూశారు, మళ్లీ కుక్కని చూశారు.

"ఇది కాదండీ, మేం చూసింది," అందా అమ్మాయి.

"ఇదేనమ్మా."

"ఫొటోలోది రెండేళ్ల కుక్కండీ. ఇది పెద్దదైపోయింది పాపం. దీని చెవి కూడా చీలి ఉంది."

చెడ్డవాళ్లేం కాదు. పాస్టర్ తల నిమిరి, సారీ చెప్పి వెళ్లారు. డోరీన్ ఫోను తెచ్చి పాస్టర్ పక్కన పెట్టి చూసింది. నెరిసిన మూతిని యాప్ నల్లగా చేసింది. చీలిన చెవిని అతికేసింది. గొంతు కింద తెల్ల పట్టీని మరకనుకుందో ఏమో, తుడిచేసింది. నలభై ముఖాలని చీకట్లో పోల్చుకున్న మనిషి, డెబ్భై రోజులుగా అన్నం పెడుతున్న కుక్క ముఖం మారిపోతే చప్పట్లు కొట్టింది. కోపం ముందు యాప్ మీద వచ్చింది. తర్వాత తన మీదకే తిరిగింది, అక్కడే ఉండిపోయింది. సిగ్గుతో ఆవిడకి ఆ పూట అన్నం సయించలేదు.

గురువారం యాప్‌లన్నీ పీకేసి, పాస్టర్‌ని బయట తెల్లగోడ నీడన కూర్చోబెట్టి మళ్లీ ఫొటో తీసింది. మళ్లీ బొగ్గే. విసుగ్గా తెర మీద అడ్డదిడ్డంగా పొడుస్తుంటే, ఫొటో కింద సూర్యుడి బొమ్మ, దాని పక్కన ఒక గీత వచ్చాయి. గీతని జరిపితే చీకటి పలచబడింది. మూతి నెరుపు కనబడింది, చెవి చీలిక కనబడింది, తెల్ల పట్టీ కనబడింది. పాస్టర్ అచ్చం పాస్టర్‌లాగే ఉంది.

కార్లీకి ఫోన్ చేసింది. "ఈ సూర్యుడి గీత ఎప్పట్నుంచీ ఉందే?"

"ఫోను కొన్నప్పట్నుంచీ ఉంది పెద్దమ్మా."

"మరి యాప్, యాప్ అని నన్ను ఎందుకు చంపావే?"

"అది నీకు తెలిసే ఉంటుందనుకున్నా!"

పేజీలో ఆ ఫొటో పెట్టి, కింద ఇలా రాసింది: "పాస్టర్. పదేళ్లు పైనే. మూతి నెరిసింది, ఎడమ చెవి చీలింది. మొన్న పెట్టిన ఫొటో అబద్ధం. తప్పు నాది. ఇందులో వెలుతురు తప్ప ఏమీ మార్చలేదు."

శుక్రవారం మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. రెండైంది. లానీ ఆవిడ వైపు చూడకుండా తిరుగుతున్నాడు. మూడున్నరకి వాకిట్లో ఒక పాత ట్రక్కు ఆగింది. పక్కింటాయన సాయంతో, నాలుగు కాళ్ల ఊతకర్ర పట్టుకుని ఒక ముసలాయన దిగాడు. వర్జిల్ స్టాకీ, డెబ్భై తొమ్మిదేళ్లు, పక్క కౌంటీలో గోధుమ రైతు. లోపలికి వస్తూనే అరిచాడు.

"ఇక్కడ ఫొటోలు పెట్టేదెవరు?"

"నేనేనండీ."

"నీకు కళ్లున్నాయా అమ్మా?"

ఇంకో రోజైతే ఆ మాటన్నవాళ్లు డోరీన్ చేతిలో అయిపోయేవాళ్లు. ఇవాళ తల దించుకుంది.

"తుంటి విరిగి రెండున్నర నెలలు మంచం మీదున్నా. వదిన దగ్గర వదిలిన కుక్క పారిపోయింది. మీకు ఫోన్ చేస్తే, 'పేజీ చూసుకోండి సార్, అన్నీ అందులోనే ఉన్నాయి' అన్నాడొకడు."

లానీ గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు.

"రోజూ చూశా. ఒక నల్ల ముద్ద. అది కుక్కో దుప్పటో తెలిస్తే కదా! మంగళవారం చూస్తే మెరుస్తూ ఇంకోటి. ఎవరిదో కుర్రకుక్క అనుకుని దాటేశా. నా వేలితో నేనే దాటేశానమ్మా!" ఆయన కర్రతో నేల మీద కొట్టాడు. "ఆ చెవి ముళ్లకంచెలో చీలింది. దగ్గరుండి కుట్టించింది నేను. నిన్న ఆ చెవి కనబడింది."

లోపలి గదిలోంచి మొరుగుడు వినబడింది. డోరీన్ ఉలిక్కిపడింది. డెబ్భై రోజుల్లో ఆవిడ వినని గొంతు అది.

"గస్!" తన కుక్కని అసలు పేరు పెట్టి పిలిచాడు వర్జిల్.

డోరీన్ పరుగున వెళ్లి తలుపు తీసింది. తీరా దగ్గరికి చేరాక, ఆయన వంగలేడు, అది ఎగరలేదు. ఊతకర్ర చుట్టూ తిరుగుతూ మూలుగుతోంది. డోరీన్ కుర్చీ ఈడ్చుకొచ్చి ఆయన్ని కూర్చోబెట్టింది. పాస్టర్ తల ఆయన ఒళ్లో పెట్టి కళ్లు మూసుకుంది. లానీ డాక్టరుగారికి ఫోన్ చేసి, ఇవాళ రానక్కర్లేదని చెప్పాడు.

ఇంటికి వెళ్లే ప్రతి కుక్కకీ గోడ మీది బోర్డుకి ఒక ఫొటో తీయడం అక్కడి ఆనవాయితీ. డోరీన్ తీసింది. ముసలాయన కళ్లు మూసుకుపోయాయి, నోరు తెరుచుకుంది, కుక్క తోక అలికేసినట్టు పడింది. ఆవిడని ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన కార్లీ తొంగిచూసింది.

"అయ్యో, ఇలా ఇవ్వు పెద్దమ్మా. మూసుకున్న కళ్లు తెరిపించే యాప్ ఒకటుంది, ఒక్క నిమిషం..."

డోరీన్ ఫోనుని గుండెకి ఆనించుకుంది.

"ముట్టుకో చెప్తా. నడిరోడ్డు మీద దింపేస్తా."