నలభై రెండేళ్ల ఫస్టియర్

సైన్యం నుంచి రిటైరై ఇంటికి వచ్చిన మూడో రోజున బావమరిది ఒక పొట్లం తెచ్చి అతని ముందు పెట్టాడు. విప్పి చూస్తే నీలం చొక్కా, ప్యాంటు, భుజం మీద ‘సెక్యూరిటీ’ అన్న పట్టీ.

“మా గోడౌన్‌లో మాట్లాడేశాను బావా. సోమవారం నుంచే డ్యూటీ. నీ మీసం చూస్తే చాలు, దొంగలు పరార్.”

పాపం, మంచి మనసుతోనే అన్నాడు. అతను మడత చెడకుండా చొక్కాను మళ్లీ పొట్లంలో పెట్టేశాడు.

“కొలత సరిపోదు.”

“వేసుకోకుండానే చెప్తావేంటి?”

“వేసుకోను కాబట్టే చెప్తున్నా. నేను కాలేజీలో చేరుతున్నాను. కంప్యూటర్ సైన్స్.”

బావమరిది అక్కకేసి చూశాడు. ఆవిడ అప్పటికే విషయం తెలిసినదానిలా చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది.

“నలభై రెండేళ్లకు భుజాన పుస్తకాల సంచీ ఏంటి బావా? నలుగురూ నవ్విపోతారు.”

“నవ్వనీ. వాళ్లకూ కాస్త కాలక్షేపం.”

ఇరవై రెండేళ్లు అతను రేడియో ఆపరేటరు. మొదట్లో సెట్టు పాడైతే స్క్రూలు విప్పి తనే బాగుచేసుకునేవాడు. ఆ తర్వాత సీలు వేసిన కొత్త యంత్రాలు వచ్చాయి. వాటిని విప్పకూడదు, నొక్కమన్న బటన్ నొక్కాలి. లోపల ఏం జరుగుతుందని ఒకసారి అడిగితే, “అది నీ పని కాదు” అన్నాడు ఆఫీసరు. ఆ మాట గొంతులో ముల్లులా దిగబడి అలాగే ఉండిపోయింది.

అడ్మిషన్ల రోజున కౌంటరు దగ్గర గుమాస్తా అతని ఫారం అందుకుని తల ఎత్తకుండానే, “పిల్లాణ్ణి లోపలికి రమ్మనండి, సంతకం పెట్టాలి” అన్నాడు.

“ఆ పిల్లాడు నేనేనండీ” అని పెన్ను అందుకున్నాడు అతను. గుమాస్తా అప్పుడు తల ఎత్తాడు.

ఫిరంగి మోతకు అతని కుడి చెవి ఏనాడో దెబ్బతింది. అందుకని మొదటి బెంచీలో, ఎడమ చెవి పాఠం వైపు ఉండేలా కూర్చునేవాడు. ప్రోగ్రామింగ్ చెప్పే మేడమ్ అతనికన్నా పదమూడేళ్లు చిన్న. ఆవిడకు బోర్డుతో మాట్లాడే అలవాటు. మొదటి వారంలోనే అతను లేచి నిలబడి, “మేడమ్, ఇటు తిరిగి చెప్పండి, బోర్డుకు పరీక్ష లేదు” అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ఆవిడ ముఖం ఎర్రబడింది కానీ ఇటు తిరిగే చెప్పింది.

పిల్లలు అతన్ని ‘అంకుల్’ అనేవారు. ప్రోగ్రాములో సెమికోలన్ ఒక్కటి మరిచిపోతే తెర మీద నలభై తప్పులు కనబడేవి. “ఒక్క తప్పుకు నలభై తిట్లా! మా ఆఫీసరే నయం” అని గొణుక్కునేవాడు. మొదటి పరీక్షలో యాభైకి ఆరు వచ్చాయి. శాఖాధిపతి గదిలోకి పిలిచి మెత్తగా చెప్పాడు.

“ఈ వయసులో కష్టమండీ. ఆరు నెలల చిన్న కోర్సు ఏదైనా చూసుకోండి.”

“సున్నా రాలేదుగా సార్. ఆరు వచ్చాయి. మిగతావి తెచ్చుకుంటాను.”

ఆ మిగతావి తెచ్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ప్రోగ్రాములను కాగితం మీద రాసి, ఒక్కో లైను చదువుతూ, అక్కడ ఏ అంకె ఎంతవుతుందో పక్కన పెన్సిలుతో వేసుకునేవాడు. రెండో పరీక్షలో యాభైకి నలభై ఒకటి రావలసింది. అయితే నోటీసు బోర్డు మీద అతని నంబరు పక్కన మార్కులు లేవు. ఎర్ర సిరాతో ‘కాపీ’ అని రాసి ఉంది.

పరీక్షలో అతని పక్కన కూర్చున్న వెనక బెంచీ కుర్రాడొకడి పేపరూ అతనిదీ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయట. ఆరు మార్కులవాడే చూసి రాసి ఉంటాడని మేడమ్ తేల్చేసింది.

మర్నాడు క్లాసులో అతను లేచాడు.

“ఆ అబ్బాయి సంగతి నాకు తెలీదు మేడమ్. నాది నేను రాశాను. చాక్‌పీసు ఇవ్వండి.”

“ఇప్పుడు క్లాసు జరుగుతోంది, కూర్చోండి.”

“కూర్చోను.”

ఆవిడ చాక్‌పీసు ఇచ్చి, పరీక్షలో ఇచ్చిన లెక్కను కావాలనే మార్చింది. పేర్లను తిరగేసిన అక్షరక్రమంలో పేర్చాలి, ఒకే పేరు రెండుసార్లు వస్తే ఒకటి తీసేయాలి. అతను రాయడం మొదలుపెట్టాడు. సగంలో చెయ్యి ఆగింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అతను తిరిగి చూడలేదు. పైనుంచి ఒక్కో లైను మీద వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి, ఏడో లైనును అరచేత్తో తుడిచి మళ్లీ రాశాడు. చివరిదాకా రాసి చాక్‌పీసు బల్ల మీద పెట్టాడు.

మేడమ్ రెండుసార్లు చదివింది. “సరే. మార్కులు వేస్తాను, కూర్చోండి.”

“నోటీసు బోర్డు మీద కాపీ అని రాశారుగా. అందరూ చదివారు. అందరూ చూస్తుండగా కొట్టేయండి.”

ఆవిడ పెన్ను తీసుకుని వరండాలోకి నడిచింది. క్లాసంతా వెనకే వెళ్లింది. ఆ మాట కొట్టేసి, పక్కన నలభై ఒకటి వేసి, “నేను అడిగి ఉండాల్సింది” అంది ఆవిడ. వెనక బెంచీ కుర్రాడు ఆ రోజు నుంచి అతన్ని ‘అంకుల్’ అనడం మానేసి ‘సార్’ అన్నాడు. అతను అదీ వద్దన్నాడు.

లెక్కలు మాత్రం రెండుసార్లు తప్పాడు. ఫలితాలు చూసి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటే భార్య దుప్పటి లాగేసింది. “తప్పితే మళ్లీ రాస్తారు. ఉరేం తీయరుగా. లేవండి, అన్నం చల్లారిపోతోంది.” మూడోసారి గట్టెక్కాడు. నాలుగేళ్ల చదువు అయిదేళ్లకు పూర్తయింది.

ఉద్యోగాలకు వెళ్లిన చోటల్లా పుట్టిన తేదీ దగ్గరే మాట ఆగిపోయేది. తొమ్మిదో చోట, బస్సుల టైముపట్టికలు తయారుచేసే చిన్న కంపెనీలో, ముప్పై దాటని మేనేజరు అడిగాడు.

“మీకన్నా చిన్నవాళ్లు చెప్తే వింటారా?”

“ఇరవై రెండేళ్లు విన్నాను. ఇప్పుడు అడగడం కూడా నేర్చుకున్నాను.”

ఎందుకో ఆ జవాబు మేనేజరుకు నచ్చింది, తీసుకున్నాడు. నెల తిరక్కుండానే పశ్చాత్తాపపడ్డాడు కూడా. కంప్యూటరు వేసిన పట్టికలో డ్రైవర్లకు మధ్యాహ్నం తిండికి విరామమే లేదని ఈ మాజీ సిపాయి కనిపెట్టి, అది సరిచేసేదాకా పట్టిక పంపనని భీష్మించుకున్నాడు. మూడు వారాలు వాదన నడిచింది. ఇప్పుడు డ్రైవర్లు బండి ఆపి ఇరవై అయిదు నిమిషాలు కూర్చుని తింటున్నారు. అతను అడిగింది ముప్పై. ఇంకా అడుగుతూనే ఉన్నాడు.