డాక్టరు మా అన్నకు చెప్పిన మాట

కడపలో ఆ డాక్టరు నన్ను బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కి చూశాడు. కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తించాడు. తర్వాత నన్ను బయట బల్ల మీద కూర్చోమని, మా అన్నను లోపలికి పిలిచాడు. నడుము నాది, నొప్పి నాది. నాకు అప్పటికి ముప్పై రెండేళ్లు, ఇద్దరు పిల్లల తండ్రిని. అయినా జబ్బు సంగతి ఇంటి పెద్దకే చెప్పాలి. మా వైపు అప్పట్లో అదే మర్యాద. ఆ మర్యాదను నేను ఇప్పటికీ క్షమించలేదు.

అన్న బయటికి వచ్చి నా భుజం తట్టాడు.

"ఏం భయం లేదులేరా. నడుము శానా అలిసిపోయినాదంట. మంచం దిగకుండా పండుకుంటే అదే సర్దుకుంటాదంట."

నేను నమ్మాను. నన్ను పెంచినవాడు ఆయన. నమ్మక ఏం చేస్తాను?

నడుము ఎందుకు అలిసిందో మాత్రం నాకు అర్థం కాలేదు. నిజంగా అలిసే పని చేసిన రోజుల్లో దానికి ఏమీ కాలేదు. మాది వేంపల్లె దగ్గరి ఊరు. మా బావికి కపిలి ఉండేది. పెద్ద తోలుసంచిని బావిలోకి వదిలి, ఎద్దులను వాలుబాటలో కిందికి తోలితే నీళ్లు పైకి వచ్చేవి. మళ్లీ ఎద్దులను వెనక్కి నడిపించి పైకి తేవాలి. తెల్లవారింది మొదలు ఎండ ఎక్కేదాకా పదేళ్లపాటు నేను ఆ బాటలోనే దిగాను, ఎక్కాను. తినేది రాగిసంగటి, కొర్రన్నం, నంజుకోవడానికి ఇంత ఊరిబిండి. ఒంట్లో నడుమనేది ఒకటి ఉందని ఆ పదేళ్లలో నాకు గుర్తే రాలేదు.

తర్వాత అన్న నీళ్లు తోడే ఆయిలు ఇంజను తెచ్చాడు. ఎద్దులను అమ్మేశాడు. వాటి వెంట నడిచింది నేను, కానీ నన్ను ఒక మాట అడగలేదు. ఇంజను వచ్చిన ఇంట్లో సంగటి తినడం నామోషీ అని ఇంట్లో తిండి కూడా మారింది. రెండు పూటలా వరన్నం, దాని మీద నెయ్యి. ఇంజను గుడిసెలో నాకొక నులకమంచం వేశారు. నా పని ఇంజను తిప్పడం, ఆపడం. మధ్యలో కూర్చోవడం. ఏడాది తిరిగేసరికి పంచె కట్టు పొట్ట కిందికి జారింది. పొద్దున లేస్తే నడుము పలకలా బిగుసుకుపోయేది. చెప్పులు తొడుక్కోవడానికి వంగలేక గోడ పట్టుకునేవాణ్ణి. అప్పుడే కడపకు పోయింది.

తిరిగి వచ్చాక ఎనిమిది నెలలు వసారాలో మంచం మీద ఉన్నాను. నా భార్య ఆముదం కాచి రుద్దేది. వదిన గిన్నె నిండా నెయ్యి తెచ్చి పోసేది. కాస్త లేవబోతే అన్న పరుగున వచ్చి తల కింద ఇంకో దిండు పెట్టేవాడు. "లేయొద్దురా, నాయనా" అనేవాడు. వీధిలో పోయేవాళ్లకు నేనొక వినోదం. గానుగ నడిపే ఆయన ఒకరోజు తోలుకుపోతున్న ఎద్దును ఆపి మరీ అడిగాడు.

"ఏమప్పా, ఇంజనొచ్చినాక దొరవైపోతివే! విసరను మనిషిని పంపీమంటావా?"

ఆయన చనిపోయి చాలా కాలమైంది. ఆ మాట మాత్రం నాకు నిన్నటిలా ఉంది. అప్పటికి నా కాళ్లు సన్నబడి, పెరట్లోకి పోవాలన్నా మనిషి తోడు కావలసి వచ్చేది. ఇక నేను నా కాళ్ల మీద నిలబడలేననే నిశ్చయానికి వచ్చాను.

ఆ స్థితిలో నన్ను బాడుగ బండిలో గడ్డి పరిచి, వేంపల్లెలో చుట్టాల పెళ్లికి తీసుకుపోయారు. మగపెళ్లివారి వైపున ఆ కడప డాక్టరు వచ్చాడు. నన్ను చూసి గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు.

"ఇదేమిటయ్యా? ఇంకా నడక మొదలుపెట్టలేదా?"

"నడకా సామీ? మీరే కదా మంచం దిగొద్దంటిరి?"

"నేనా! రెండు రోజులు పడుకుంటే చాలు, ఆ తర్వాత రోజూ నడవాలి, వంగి లేచే పని కొంచెం కొంచెంగా చెయ్యాలి అన్నాను. ఆ వరన్నం, నెయ్యి తగ్గించి పాత తిండే తినమన్నాను. ఇట్లాగే కూర్చుంటే నడుముతో ఆగదు, రేపు చక్కెర వ్యాధి కూడా రావచ్చని మీ అన్నకు రెండుసార్లు చెప్పాను."

"ఆయనకు చెప్తిరి. నాకెందుకు చెప్పకపోతిరి సామీ?"

"పెద్దాయన ఉన్నాడు కదయ్యా" అని, విస్తళ్లు వేశారని పిలిస్తే వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చి బండి దిగకుండానే అన్నను అడిగాను. ఆయన బుకాయించలేదు.

"నొప్పితో మూలుగుతాంటివి. అట్లాంటోన్ని లేసి నడువురా అని ఏ నోటితో చెప్పేది? నాకు నోరు రాలే."

వదిన ఇంకో మాట చెప్పింది. "ఇంట్లో ఇంజను పెట్టుకోని, జబ్బు చేసిన మరిదికి కొర్రన్నం పెట్టి చేనికి తరిమిందంటారప్పా నన్ను. ఊర్లో తలెత్తుకోవాలనా, వద్దా?"

ఆమె తల ఎత్తుకోవడం కోసం నేను ఎనిమిది నెలలు మంచంలో ఉండాలన్నమాట. నేను నా భార్య వైపు తిరిగాను.

"నీకూ తెల్సా?"

"బావ చెప్పొద్దన్నాడు" అంది.

అన్న చేసింది ఒక ఎత్తు. రోజూ నా నడుముకు ఆముదం రుద్దిన చేతులకు కూడా తెలుసన్నది ఇంకో ఎత్తు.

మరుసటి రోజు కర్ర పట్టుకుని వీధి చివరిదాకా పోయాను. చెమటలు పోసి గోడకు ఆనుకున్నాను. ఎవరినీ చెయ్యి పట్టనివ్వలేదు. పది రోజులకు చెరుకుతోట దాకా, నెలకు బావి దాకా పోయాను. నా భార్య అడగకుండానే సంగటి చేసింది. తిన్నాను, బాగుందని అనలేదు. వానలు పడేవేళకు పార పట్టి మళ్లకు నీళ్లు మలిపాను. మొదటి వారం వంగిన ప్రతిసారీ కళ్లలో నీళ్లు తిరిగేవి. తర్వాత నొప్పి రోజుకింత తగ్గి, ఒకరోజు చూసుకుంటే లేదు. నాకు మందు ఇచ్చిన వైద్యుడు లేడు. నడిచాను, వంగాను, పాత తిండి తిన్నాను. అంతే. అది ఎనిమిది నెలల ముందే అయ్యుండేది.

అన్నతో మాట్లాడటం మానేశాను. నా భార్య బతిమాలితే, "నాతోపాటు చేనిదాకా నడవమను, మాట్లాడతా" అన్నాను. ఒక పొద్దున నిజంగానే వచ్చాడు. దారిలోని వంక దాకా నా వెనకే నడిచాడు. అక్కడ మోకాళ్లు పట్టుకుని రాతి మీద కూలబడ్డాడు. వగరుస్తున్నాడు.

"నాకూ కాళ్లు పట్టుకుంటాండాయిరా. శానా దినాల నుంచి. ఎవురికీ చెప్పలే."

డాక్టరు ఆయనకు చెప్పిన ప్రతి మాటా నేను మళ్లీ ఆయనకు చెప్పాను. గట్టిగా, ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. తర్వాత పార భుజాన వేసుకుని వంక దాటాను. చెయ్యి ఇచ్చి లేపవలసిందని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. లేపితే నిలబడేవాడేమో, నడిచేవాడు కాదు. ఆ రోజు ఆయన లేచి ఇంటివైపే పోయాడు.