రీకాల్ మావయ్యతో సీటు తగాదా

ఆ ఇంటి మావయ్యకి ఉన్నది ఒకటే పిచ్చి. ఏ కారులో ఏ లోపం బయటపడిందో, ఏ కంపెనీ "బండి తీసుకురండి, ఉచితంగా బాగుచేస్తాం" అని రీకాల్ ప్రకటించిందో, పొద్దున్నే కాఫీ చల్లారిపోతున్నా సరే చదవాల్సిందే. చదివి ఊరుకుంటే బాగుండును! ఎదురుపడ్డవాళ్లందరికీ చెప్పాలి. ముప్పై ఏళ్లు లిఫ్టులు తనిఖీ చేసిన మనిషి మరి. వీధి వీధంతా ఆయన్ని రీకాల్ మావయ్య అనేది.

కోడలు పళ్ల డాక్టరు. ముచ్చటపడి ఎస్‌యూవీ కొనుక్కుంది. బండి చిన్నదే, ధర మాత్రం పెద్దది. మొదటి వారంలోనే మావయ్య మొదలుపెట్టాడు.

"అమ్మాయ్, దీని వెనక కెమెరా ఒక్కోసారి నల్లబడిపోతుందట."

"మనది బాగానే ఉంది మావయ్యా."

"దీని ఫ్యూయల్ పంపు..."

"మావయ్యా!"

"డిక్కీ తలుపు దానంతటదే..."

"ముందు మీరు కారెక్కండి!"

ఎక్కడంతోనే వచ్చింది తంటా. వెనక ఎడమవైపు సీటు ఆయనకే కావాలి. ఎనిమిదేళ్ల మనవరాలికీ అదే కావాలి. కుడివైపు నుంచి డివైడర్ తప్ప ఏమీ కనపడదని దాని వాదన. మావయ్య మోచేతులు అడ్డంపెట్టి మరీ దానికంటే ముందు దూరేవాడు. బెల్టు పెట్టుకుని, దాని బకిల్‌ని దిగేదాకా రెండు చేతులా పట్టుకునేవాడు.

"చిన్నపిల్లతో పోటీ ఏంటి మావయ్యా?"

"నాకు గాలి కావాలమ్మా."

ఏసీ కారులో, అద్దాలన్నీ ఎత్తి ఉండగా!

ఓ శనివారం మనవరాలు ఏడుపు లంకించుకుంది. "తాతయ్య వస్తే నేను రాను. తాతయ్యతో ఇంకెప్పుడూ మాట్లాడను!"

కోడలికి ఓపిక నశించింది. "రేపట్నుంచి మీరు బస్సులో రండి మావయ్యా."

ఆయన మొహం చిన్నబోయింది. "అలాగే. ఆ సీట్లో మాత్రం దాన్ని కూర్చోబెట్టకమ్మా."

"మీకు దక్కకపోతే ఎవరికీ దక్కకూడదా?"

ఆ సాయంత్రం సర్వీస్ సెంటర్ నుంచి ఆమెకి ఫోనొచ్చింది. "మేడమ్, వెనక ఎడమ సీటు బెల్టు బకిల్ వచ్చింది. పెద్దాయన నెల రోజులుగా మా ప్రాణం తీస్తున్నారు."

"ఏ బకిల్?"

"మీ కారుకి రీకాల్ ఉంది కదండీ. గట్టిగా బ్రేకు పడితే ఊడిపోవచ్చు. పార్టు రాక ఆలస్యమైంది. ఆ సీట్లో ఎవర్నీ కూర్చోబెట్టొద్దని ఆయనకి చెప్పామే!"

కోడలు ఫోను పెట్టేసి ఒక్క ఉదుటున హాల్లోకి వచ్చింది. "నాకు చెప్పలేదేం మావయ్యా?"

"చెప్పబోయానమ్మా. అది నాలుగోది. మూడోదానికే కారెక్కమన్నావు. ఆ తర్వాత చెప్పినా నా పిచ్చే అనుకునేదానివి."

"మరి మీరెందుకు కూర్చున్నారు అందులో?"

"ఖాళీగా ఉంటే పిల్ల దూరుతుందిగా."

"మీకేమన్నా అయితే?"

"నా మోడల్‌కి పార్టులు రావడం ఎప్పుడో ఆగిపోయిందిలే."

కోడలికి నవ్వొచ్చింది. కళ్లూ చెమర్చాయి. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "ఐదోదేంటో చెప్పండి."

మావయ్య నోరు తెరిచేలోగా మనవరాలు వచ్చి ఆయన మోకాలి మీద చెయ్యేసింది.

"తాతయ్యా, నా సైకిల్‌కి కూడా రీకాల్ ఉందా?"

మావయ్య కళ్లజోడు సర్దుకుని లేచాడు. ఇంత మంచి ప్రశ్న ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.