ఎల్లేష్ వాకిట మేళం

బోనాల ఊరేగింపుకు మైకు పట్టుకున్న మహేశ్వరి, "తాతా, మిమ్మల్ని డప్పు టీమ్ అని చెప్పాల్నా?" అనడిగింది. డప్పులోళ్ల పెద్ద దుర్గయ్యకు చుర్రుమన్నది.

"టీమేంది బిడ్డా? మేళం అను."

"రెండూ ఒకటే గద!"

దుర్గయ్య గడ్డిమంట మీద తన డప్పుతోపాటు దోస్తు ఎల్లేష్ డప్పు గూడ తోలు బిగిసేటట్టు కాగబెట్టిండు. పక్షవాతమొచ్చి ఎల్లేష్ కుడిచెయ్యి పడిపోయి ఏడాదైంది.

గౌలిపుర గల్లీల ఎల్లేష్ ఇల్లు రాంగనే దుర్గయ్య చెయ్యెత్తి అందరినీ ఆపిండు. అరుగు మీద కూసున్న దోస్తు ఒళ్లో ఆ డప్పు పెట్టిండు. ఎల్లేష్ ఎడమచేత్తో కొట్టిండు. దరువు తప్పింది. ఎవ్వరూ దిద్దలే. ఆ తప్పిన దరువునే అందరూ అందుకున్నరు, గల్లీ అంతా అదే మోగింది.

దుర్గయ్య మహేశ్వరి దిక్కు తిరిగిండు.

"ఇగ చెప్పు మైకుల, టీమొచ్చిందో మేళమొచ్చిందో!"